గ్రే వేల్, మోనార్క్ సీతాకోకచిలుక: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలంలో కాలిఫోర్నియాలోని బే ఏరియా నుంచి మాంటెరే వైపు వెళ్లే తెలుగువాళ్లు ఒకే రోజు రెండు వింతలు చూసి రావచ్చు. పసిఫిక్ గ్రోవ్‌లో చెట్లకు వేలాడే మోనార్క్ సీతాకోకచిలుకలు ఒకటి, ఆ ఊరి ముందే సముద్రంలో దక్షిణానికి పోయే గ్రే తిమింగలాలు ఇంకొకటి. రెండూ చూసొచ్చిన వాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం ఏటా ఇంచుమించు ఇవే. అందుకని అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

తిమింగలం ఎక్కడ, సీతాకోకచిలుక ఎక్కడ? ఈ రెండిటికీ పోలికేంటండీ?

ఒకటి పిల్లలకు పాలిచ్చే జంతువు, రెండోది ఆరు కాళ్ల పురుగు. ఒంటి తీరులో పోలిక వెతికితే దొరకదు. దొరికేది వాటి ఏడాది లెక్కలో. వేసవి ఉత్తరాన, చలికాలం మెక్సికోలో, ఎండలు మొదలవగానే మళ్లీ ఉత్తరానికి. (రాకీ పర్వతాలకు పడమటనున్న మోనార్కులు మాత్రం ఎక్కువగా పసిఫిక్ గ్రోవ్‌లాంటి కాలిఫోర్నియా తీరపు చోట్లే ఆగుతాయి.) ఖండం అదే, దిక్కు అదే, నెలలు కూడా ఇంచుమించు అవే. తేడా ఏంటంటే, గ్రే వేల్ ఆ రాకపోకలన్నీ తనే చేస్తుంది, బతికినన్నేళ్లూ చేస్తుంది. మోనార్క్ విషయంలో ఒక ఏడాది ప్రయాణాన్ని నాలుగు తరాలు రిలే పరుగులా పంచుకుంటాయి. నన్నడిగితే సైజు కన్నా ఇదే పెద్ద తేడా. సంఖ్య పడిపోయినప్పుడు ఏది ఎంత త్వరగా కోలుకుంటుందో కూడా దీన్నిబట్టే తేలుతుంది.

అసలు సైజులో తేడా ఎంత?

పెద్ద గ్రే వేల్ పొడవు 13 నుంచి 15 మీటర్లు, బరువు 30 టన్నుల దాకా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. మోనార్క్ రెక్కలు పూర్తిగా విప్పితే 10 సెంటీమీటర్లు, బరువు సుమారు అర గ్రాము. అంటే త్రాసులో ఒక వేల్‌కి సరితూగాలంటే 6 కోట్ల మోనార్కులు కావాలి.

ఈ లెక్కని ఇంకో రకంగా చూస్తే గుండె గుభేలుమంటుంది. 2024-25 చలికాలంలో మెక్సికో అడవుల్లో మోనార్కులు పరుచుకున్న జాగా అంతా కలిపి 1.79 హెక్టార్లు. హెక్టారుకు సుమారు 2.1 కోట్లు ఉంటాయని ఒక అంచనా. ఆ లెక్కన 3.8 కోట్లు, అంటే 19 టన్నులు. రాకీ పర్వతాలకు తూర్పునున్న అమెరికా, కెనడాల నుంచి వచ్చి అక్కడ చేరిన మోనార్కులన్నీ కలిసినా ఒక్క పెద్ద గ్రే వేల్ బరువు తూగవన్నమాట. హెక్టారుకు 5 కోట్లని చెప్పేవాళ్లూ ఉన్నారు. అంత వేసుకున్నా రెండు వేల్స్ బరువు దాటదు.

తిమింగలాల్లో పెద్దది నీలి తిమింగలం కదా, గ్రే వేల్‌నే ఎందుకు తీసుకున్నారు?

నీలి తిమింగలం దీనికి రెట్టింపు పొడవుంటుంది, నిజమే. కానీ అది ఎక్కువగా లోతు నీళ్లలో తిరుగుతుంది. గ్రే వేల్ ఒడ్డు పక్కనుంచే పోతుంది గనక కొండమీద నిలబడి కూడా లెక్కపెట్టొచ్చు. శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలోని గ్రానైట్ కాన్యన్ దగ్గర ఒడ్డున కూర్చుని చేస్తున్నది అదే. మోనార్కుతో పక్కపక్కన పెట్టి చూడదగ్గ వలస కూడా దీనిదే.

మా ఊళ్లో జిల్లేడు పొదల మీద నారింజ రంగు సీతాకోకచిలుకలు చూశాను. అవి మోనార్కులేనా?

కాదు, వాటి దాయాదులు. ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కువగా కనిపించేవి ప్లెయిన్ టైగర్, స్ట్రైప్డ్ టైగర్. ప్లెయిన్ టైగర్‌కి రెక్కల మధ్యలో నల్ల గీతలుండవు, చివర్లు మాత్రమే నలుపు, అందులో తెల్ల మచ్చలు. స్ట్రైప్డ్ టైగర్‌కి మోనార్కులాగే నల్ల ఈనెలుంటాయి, కాబట్టి ఫొటోలో చూసి పొరబడటం మామూలే. మూడూ ఒకే ప్రజాతి, మూడూ జిల్లేడు కుటుంబపు మొక్కల మీదే గుడ్లు పెడతాయి.

గ్రే వేల్ మన బంగాళాఖాతంలోకి వస్తుందా?

రాదు. ఇప్పుడది ఉత్తర పసిఫిక్‌లోనే ఉంది. ఒకప్పుడు అట్లాంటిక్‌లోనూ ఉండేది గానీ, 18వ శతాబ్దానికల్లా అక్కడ అంతరించిపోయింది. విశాఖ తీరంలో వలలకు చిక్కి వార్తల్లోకొచ్చే వేల్ షార్క్ అసలు తిమింగలమే కాదు, అది చేప.

## పుట్టుక, తిండి, ఆయుష్షు

పిల్లలు ఎక్కడ పుడతాయి?

గ్రే వేల్ చలికాలపు చివరి మజిలీలో ఈనుతుంది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీరంలో ఓహో దె లియెబ్రె, సాన్ ఇగ్నాసియో అనే ఉప్పునీటి మడుగులు, మాగ్దలేనా అఖాతం ఉన్నాయి. లోతు తక్కువ, అలల తాకిడి తక్కువ. ఏడాదికి పైగా మోసి, డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్యలో ఒకే పిల్లను కంటుంది. పుట్టేటప్పటికే దాని పొడవు నాలుగున్నర మీటర్లు. తల్లిపాలలో సగానికి పైగా కొవ్వే. పిల్లకి ఆ కొవ్వు ఒంటికి పట్టాకే ఉత్తరానికి బయల్దేరతాయి.

మోనార్క్ మెక్సికోలో గుడ్లు పెట్టదు. ఫిబ్రవరి, మార్చిలో అక్కడే జతకట్టి, ఉత్తరానికి ఎగిరి, టెక్సస్ చుట్టుపక్కల మొలకెత్తే మిల్క్‌వీడ్ మొక్కల మీద ఒక్కో ఆకుకి ఒక్కో గుడ్డు చొప్పున పెట్టుకుంటూ పోతుంది. మొత్తం మీద కొన్ని వందలు. ఆ పని అయ్యాక చనిపోతుంది. పిల్లల్ని అది చూడదు. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా సుమారు నెల.

మోనార్క్ గొంగళిపురుగు మిల్క్‌వీడ్ తప్ప ఇంకేం తినదా?

తినదు. పెద్ద సీతాకోకచిలుక ఏ పువ్వు తేనె అయినా తాగుతుంది, గొంగళికి మాత్రం మిల్క్‌వీడే కావాలి. ఇది మన జిల్లేడు కుటుంబం. తుంచితే కారే తెల్లటి పాలు కూడా అవే. హవాయిలో అయితే రథసప్తమికి మనం నెత్తిన పెట్టుకునే జిల్లేడునే మోనార్క్ గొంగళ్లు తింటాయి. ఆ పాలలో గుండెను దెబ్బతీసే విషాలుంటాయి. ఆ విషం పనిచేసే చోట మోనార్క్ జన్యువులో చిన్న మార్పులున్నాయి, అందుకే దానికి ఎక్కదు. పైగా ఒంట్లో దాచుకుంటుంది. తిన్న పక్షి కక్కుకుని, ఇంకోసారి ఆ రంగు జోలికి పోదు. గొంగళి దశలో రెండు వారాల్లో బరువు దాదాపు 2,000 రెట్లు పెరుగుతుంది.

అంత పెద్ద తిమింగలం ఏం తింటుంది?

సముద్రం అడుగు బురదలో ఉండే చిన్న చిన్న జీవులు, ముఖ్యంగా రొయ్యలకు దూరపు చుట్టాలైన ఆంఫిపాడ్లు. పెద్ద తిమింగలాల్లో ఇలా అడుగు గీరి తినడం దీని ప్రత్యేకత. పక్కకు ఒరిగి, బురదతో సహా నోట్లోకి లాక్కుని, నీళ్లూ మట్టీ నోట్లో జల్లెడలా ఉండే బలీన్ పలకల సందుల్లోంచి బయటికి తోసేస్తుంది. పైకి లేచేటప్పుడు వెనకాల గోధుమరంగు మబ్బులా బురద తేలుతుంది. చాలా వేల్స్‌ది కుడివాటం. అందుకే కుడివైపు బలీన్ అరిగిపోయి ఉంటుంది, కుడి చెంప మీద బార్నకిల్స్ (ఒంటికి అతుక్కునే గుల్ల జీవులు) తక్కువగా ఉంటాయి. పడవలోంచి దగ్గరగా చూసే అవకాశం వస్తే ముందు ఆ చెంపనే చూడండి.

ఎన్నేళ్లు బతుకుతాయి?

గ్రే వేల్ 50 ఏళ్లు దాటి బతకగలదు, 70 దాకా బతికేవీ ఉంటాయి. మోనార్క్ సంగతి అది ఏ నెలలో పుట్టిందనే దాన్నిబట్టి ఉంటుంది. వేసవిలో పుట్టింది రెండు నుంచి ఆరు వారాలు. ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో పుట్టింది ఎనిమిది నెలల దాకా. ఎందుకంటే పగలు కురచ అవుతూ చలి ముదిరేకొద్దీ దాని ఒంట్లో జువెనైల్ హార్మోన్ తగ్గుతుంది, గుడ్లు పెట్టే వ్యవస్థ నిద్రపోతుంది. సంతానం మీద పెట్టాల్సిన శక్తి అంతా ప్రయాణానికి మిగులుతుంది. అమ్మమ్మ నెలరోజులు, మనవరాలు ఎనిమిది నెలలు. జన్యువులు అవే.

## ప్రయాణం

రెండిట్లో ఏది ఎక్కువ దూరం వెళ్తుంది?

కిలోమీటర్లలో గ్రే వేల్‌దే పైచేయి. అలాస్కా పక్కనున్న బేరింగ్, చుక్చీ సముద్రాల నుంచి బాహా దాకా వెళ్లి రావడానికి 15,000 నుంచి 20,000 కిలోమీటర్లు. వర్వారా అని పేరుపెట్టిన ఒక ఆడ వేల్‌కి రష్యాలోని సఖాలిన్ దగ్గర శాటిలైట్ ట్యాగ్ తగిలిస్తే, మెక్సికో దాకా వెళ్లి వెనక్కి రావడానికి 22,000 కిలోమీటర్లు దాటింది. తిండికి ఆగకుండా గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల చొప్పున పోతూనే ఉంటాయి.

మోనార్క్ కెనడా నుంచి మెక్సికోకి 4,000 కిలోమీటర్లకు పైగా ఎగురుతుంది. పగలే ప్రయాణం, రాత్రి చెట్ల మీద గుంపుగా మకాం. రెక్కలు ఆడించడం కన్నా వేడిగాలి పైకి లేచే చోట తేలిపోవడానికే మొగ్గు చూపుతుంది. అర గ్రాము ఒంటికి ఆ దూరం ఎంతో ఆలోచిస్తే, పైచేయి ఎవరిదో చెప్పడం అంత సులువు కాదు.

ఎప్పుడూ వెళ్లని అడవికి మోనార్క్ దారి ఎలా కనుక్కుంటుంది? చెప్పేవాళ్లు కూడా ఉండరు కదా?

నిజమే, దారి తెలిసినవి ఆ పాటికి చచ్చిపోయి చాన్నాళ్లవుతుంది. దిక్కు పుట్టుకతోనే వస్తుంది. సూర్యుణ్ణి చూసి ఎగురుతుంది, అయితే సూర్యుడు పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట ఉంటాడు. ఆ తేడాని సరిచేసుకోవడానికి టైమ్ తెలియాలి. ఆ గడియారం తలలోనే ఉంటుందని అనుకునేవారు. 2009లో స్టీవెన్ రెపర్ట్ అనే శాస్త్రవేత్త బృందం మీసాలకు నల్ల పెయింట్ వేసి ఎగరనిచ్చింది. వెలుతురు తగలని మీసాలతో దిక్కు లెక్క తప్పింది. వెలుతురు పోనిచ్చే పెయింట్ వేసినప్పుడు తప్పలేదు. అంటే గడియారం మీసాల్లో ఉంది. మబ్బు పట్టిన రోజుల కోసం భూమి అయస్కాంత శక్తిని పసిగట్టే ఏర్పాటు కూడా ఉందని తర్వాత తేలింది.

నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది వెనక్కి తిరిగే సంగతి. చలిలో కొన్నివారాలు ఉంచితేనే వాటి దిక్సూచి ఉత్తరానికి మారుతుందని 2013లో అదే పరిశోధకులు చూపించారు. చలి తగలనివి వసంతంలో కూడా దక్షిణానికే ఎగరాలని చూశాయి.

మరి తిమింగలం దారి తప్పదా?

ఒడ్డును పట్టుకుని పోతుంది, పిల్ల మొదటిసారి తల్లి వెంటే వస్తుంది కాబట్టి సాధారణంగా తప్పదు. కానీ తప్పిన సందర్భాలు ఉన్నాయి. 2010లో ఇజ్రాయెల్ తీరంలో, 2013లో నమీబియాలో, 2024లో అమెరికా తూర్పు తీరంలోని నాన్‌టుకెట్ దగ్గర గ్రే వేల్స్ కనిపించాయి. ఆర్కిటిక్‌లో మంచు కరిగి అట్లాంటిక్‌కి దారి తెరుచుకోవడమే కారణమని అనుకుంటున్నారు. సూర్యుడి నుంచి రేడియో తరంగాల గోల ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న గ్రే వేల్స్ ఒడ్డుకు కొట్టుకురావడం ఎక్కువని 2020లో డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు గమనించారు. అయస్కాంత శక్తితో దీనికీ పని ఉండొచ్చని అప్పటినుంచి అనుమానం బలపడింది.

దారిలో ఏం తింటాయి?

గ్రే వేల్ దాదాపు ఉపవాసమే. వేసవిలో పట్టించిన కొవ్వుతో నెలల తరబడి నెట్టుకొస్తుంది. మోనార్క్ అలా కాదు, దారి పొడుగునా పువ్వుల దగ్గర ఆగుతుంది, టెక్సస్ దాటేసరికి బయల్దేరినప్పటికన్నా లావెక్కుతుంది. అడవి చేరాక మాత్రం దానికీ ఉపవాసమే.

వీటిని తినేవెవరు?

గ్రే వేల్ పిల్లలకు ఓర్కాలంటే (కిల్లర్ వేల్స్) ప్రాణగండం. ఏప్రిల్, మే నెలల్లో మాంటెరే అఖాతం దాటేటప్పుడు కాపు కాసి మీదపడతాయి. అందుకే తల్లులు పిల్లల్ని ఒడ్డు వార తీసుకుపోతాయి. మోనార్కులకు విషం ఉన్నా, మెక్సికో అడవుల్లో రెండు రకాల పక్షులు దాన్ని లెక్కచెయ్యకుండా తింటాయి.

## మెక్సికోలో చలికాలం

మెక్సికో అంటే వేడి ప్రదేశం కదా, వెచ్చదనం కోసమేనా వెళ్లేది?

తిమింగలానికి ఒకరకంగా అవును. మోనార్క్ వెళ్లేది చలి కోసం. మిచోవాకాన్, మెక్సికో అనే రాష్ట్రాల కొండల మీద సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఒయామెల్ అనే ఫర్ చెట్ల అడవులున్నాయి. అక్కడ చలి ఒంట్లో కొవ్వు త్వరగా కరగనివ్వదు, అలాగని గడ్డకట్టించి చంపదు. చెట్ల గుబురు దుప్పటి కప్పినట్టు కాపాడుతుంది. చెట్లు నరికితే ఆ లెక్క తప్పుతుంది. 2002 జనవరిలో వాన పడి, వెంటనే గడ్డకట్టే చలి దిగినప్పుడు కోట్ల మోనార్కులు నేలరాలాయి.

ఆ అడవుల సంగతి ఎప్పటినుంచి తెలుసు?

అక్కడి జనానికి ఎప్పటినుంచో తెలుసు. నవంబరు మొదట్లో, పెద్దల పండుగ రోజుల్లోనే అవి దిగుతాయి గనక పోయినవాళ్ల ఆత్మలని నమ్ముతారు. బయటి శాస్త్రవేత్తలకు తెలిసింది మాత్రం 1975 జనవరిలో. కెనడాకు చెందిన ఫ్రెడ్ ఉర్‌కార్ట్ దంపతులు దశాబ్దాలపాటు రెక్కలకు కాగితం ట్యాగులు అంటిస్తూ వెతికారు. వాళ్ల తరఫున కొండలెక్కి కనుక్కున్నది కెన్ బ్రగ్గర్, కాటలినా అగ్వాదో.

గ్రే వేల్స్ పడవ దగ్గరికొచ్చి తాకించుకుంటాయట, నిజమా?

సాన్ ఇగ్నాసియో మడుగులో నిజమే. ఒకప్పుడు ఇవే మడుగుల్లో వేటగాళ్లు వీటిని చంపారు. పిల్ల జోలికొస్తే పడవలు పగలగొట్టేవి గనక వాళ్లు వీటిని దెయ్యపు చేప అనేవారు. 1972లో ఫ్రాన్సిస్కో మయొరాల్ అనే జాలరి పడవ పక్కకి ఒక వేల్ వచ్చి ఆగింది, భయపడుతూనే చెయ్యి వేశాడు. ఇప్పుడు తల్లులు పిల్లల్ని పడవ వైపు తోసుకొస్తాయి కూడా. ఎందుకలా చేస్తాయనేదానికి ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. అదే మడుగు దగ్గర పెద్ద ఉప్పు ఫ్యాక్టరీ కట్టాలన్న ప్రయత్నం 2000లో ఆగిపోయింది.

## సంఖ్య, ప్రమాదం

రెండిట్లో దేనికి ఎక్కువ ప్రమాదం?

ఏడాది అంకె ఒక్కటే చూస్తే పొరబడతాం. కాలిఫోర్నియా తీరంలో చలికాలం గడిపే మోనార్కులు 2020లో 2,000 కూడా లెక్కకు రాలేదు. పసిఫిక్ గ్రోవ్ తోటలో సున్నా. అందరూ పని అయిపోయిందనుకున్నారు. మరుసటి ఏడాది 2,47,000. మళ్లీ 2024లో 9,000కి పడింది. మెక్సికోలో 1996-97లో 18 హెక్టార్లలో ఉన్నవి 2013-14కి 0.67 హెక్టార్లకు వచ్చి, 2018-19లో 6 హెక్టార్లకు లేచాయి. ఒక్కోటి వందల గుడ్లు, వేసవిలో మూడు తరాలు. వాతావరణం కలిసొస్తే ఒక్క ఏడాదిలో లేస్తాయి. కానీ ఎంత లేచినా మెక్సికోలో 1990ల నాటి ఎత్తుకు మళ్లీ చేరడం లేదు. భయపడాల్సింది దానికి.

గ్రే వేల్ రెండేళ్లకో, ఇంకా ఆలస్యంగానో ఒక్క పిల్లను కంటుంది. వేట ఆగాక బాగా కోలుకుని, 1994లో అమెరికా అంతరించే జాతుల జాబితాలోంచి బయటికొచ్చింది. 2016లో సుమారు 27,000 ఉన్నవి 2025 నాటికి 13,000కి తగ్గాయి. ఆ ఏడాది ఉత్తరానికి వెళ్తూ లెక్కకొచ్చిన పిల్లలు 85 మాత్రమే. ఇలాంటి లోటు పూడాలంటే ఎంత లేదన్నా దశాబ్దం పడుతుంది. నా లెక్కలో ఇప్పటికిప్పుడు వేల్‌కి జాతిగా అంతరించే ముప్పు తక్కువ, మోనార్క్‌కి ఆ జాతి కన్నా ఆ వలసకి ముప్పు ఎక్కువ. హవాయి, ఆస్ట్రేలియాల్లో మోనార్కులు బతుకుతూనే ఉంటాయి, మెక్సికో అడవికి వచ్చేవి లేకపోవచ్చు.

ఎందుకు తగ్గుతున్నాయి?

మోనార్క్‌కి మొదటి దెబ్బ పొలాల్లో పడింది. కలుపుమందు తట్టుకునే మొక్కజొన్న, సోయా వచ్చాక అమెరికా మధ్య రాష్ట్రాల చేలల్లో మిల్క్‌వీడ్ తుడిచిపెట్టుకుపోయింది. పురుగుమందులు, కరువులు, చెట్ల నరికివేత తోడయ్యాయి. గ్రే వేల్‌కి కష్టం ఆర్కిటిక్ అడుగున మొదలైంది. సముద్రపు మంచు మారేకొద్దీ బురదలో తిండి తగ్గింది. ఆకలితో శాన్‌ఫ్రాన్సిస్కో బే లోపలికొచ్చినవి కొన్ని ఓడల కింద పడుతున్నాయి.

## చూడ్డానికి వెళ్లేవాళ్లకి

ఒకే రోజులో రెండూ చూడొచ్చా?

డిసెంబరు చివర, జనవరిలో అయితే చూడొచ్చు. పొద్దున్నే మాంటెరేలో బోటు ఎక్కి, మధ్యాహ్నం పసిఫిక్ గ్రోవ్ తోటకి వెళ్లండి. బోటు టికెట్ దండగనుకుంటే పాయింట్ పినోస్, పాయింట్ లోబోస్ ఒడ్డున బైనాక్యులర్‌తో నిలబడండి. తక్కువ ఎత్తులో, హృదయం ఆకారంలో లేచే నీటి తుంపర కనిపిస్తే అది గ్రే వేల్. వీపు మీద రెక్క ఉండదు, తోక వైపు వరసగా బుడిపెలుంటాయి.

తోటకి వెళ్తే ఎండుటాకులు తప్ప ఏమీ కనపడలేదు. మోసపోయామా?

ఆ ఎండుటాకులే మోనార్కులు అయ్యుంటాయి. రెక్కలు మూసుకుంటే వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది, గుత్తులుగా వేలాడతాయి. సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువుంటే ఎగరలేవు. పదకొండు దాటాక ఎండ గుత్తి మీద పడేదాకా ఆగండి. ముందు ఒకటి రెక్కలు విప్పుతుంది, తర్వాత కొమ్మంతా నారింజ రంగుకు తిరుగుతుంది. ముట్టుకోకండి, కొమ్మలు ఊపకండి. ఆ ఊళ్లో అది నేరం, గట్టిగానే ఫైన్ వేస్తారు.

బోటులో వాంతులవుతాయని టెన్షన్‌గా ఉంది, ఎలా?

జనవరి సముద్రం నిజంగానే ఊపుతుంది. మాత్ర బోటు ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే లాభం లేదు. ఏ మాత్రో డాక్టర్ని అడగండి. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, అలాగని పూరీలు తిని కూడా వెళ్లొద్దు. వెనకవైపు నిలబడి దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీతను చూస్తూ ఉండండి. ఫోన్ చూశారా, అయిపోయారు.

పెరట్లో మిల్క్‌వీడ్ వేస్తే మోనార్కులకు మేలేనా?

ఎక్కడ ఉంటున్నారనే దాన్నిబట్టి. స్థానిక రకాలు వేస్తే మేలే. షాపుల్లో తేలిగ్గా దొరికే ఎరుపు, పసుపు పువ్వుల ట్రాపికల్ మిల్క్‌వీడ్ మాత్రం వద్దు. అది చలికాలంలోనూ పచ్చగా ఉండి, మోనార్కులకు జబ్బు చేసే పరాన్నజీవిని నిలవ ఉంచుతుంది. మాంటెరేలాంటి తీరానికి ఐదు మైళ్ల లోపుంటే మిల్క్‌వీడ్ కాకుండా తేనె దొరికే పూలమొక్కలు వేయమంటారు. పాలు కంట్లో పడితే బాగా ఇబ్బంది, పిల్లలున్న ఇళ్లలో జాగ్రత్త.

మెక్సికోలో రెండూ ఒకే ట్రిప్‌లో కలపొచ్చా?

ఫిబ్రవరిలో అయితే కుదురుతుంది, కాస్త ఖర్చవుతుంది. మోనార్కుల కోసం మెక్సికో సిటీ నుంచి రోడ్డు మీద ఎల్ రొసారియో లేదా సియెర్రా చింకువాకి వెళ్లాలి. ఎత్తుకి ఆయాసం వస్తుంది, పెద్దవాళ్లకి గుర్రాలు దొరుకుతాయి. వేల్స్ కోసం మళ్లీ విమానం ఎక్కి బాహా వైపు దిగి, మడుగుల దాకా రోడ్డు ప్రయాణం. మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోండి, గాలి ఎక్కువైతే మడుగులోకి పడవల్ని వదలరు.